పదకొండు ఇళ్ళు, పది కుప్పలు

కౌలాలంపూర్‌లో ఉంటున్న మా మనవరాలిది కంప్యూటర్లకు నేర్పే ఉద్యోగం. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, ఏం నేర్పుతావే అని అడిగాను.

"పేర్లు రాయని సరుకు కుప్పగా ఇస్తాం అమ్మమ్మా. ఇది ఫలానాదని ఎవరూ సెప్పరు. ఏది దేనికి దగ్గరుందో అదే సూసుకుని గుంపులు సేస్తాది, లా." మాట చివర ఆ 'లా' మా మలేసియా అలవాటు.

"దానికి మిషనెందుకే? పెళ్ళయిన ఏడాదే నాను సేసినాను."

నవ్వింది. నవ్వుతూనే చేతిలో ఫోను పక్కన పెట్టి కూర్చుంది. నాకు అది చాలు.

అప్పుడు మేము సుంగై సుమున్ అనే ఊరి పక్కన ఒక రబ్బరు ఎస్టేటులో ఉండేవాళ్ళం. మాది బట్టలుతికే ఇల్లు. మా లైనులో, అంటే కూలీల ఇళ్ళ వరసలో, పదకొండు ఇళ్ళ బట్టలు మాకే వచ్చేవి. మలయాలో తెల్లదొరలకీ అడవిలోని కమ్యూనిస్టులకీ పోరు సాగిన ఎమర్జెన్సీ రోజులు కదా, లైను చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు. మేము ఉతికే వాగు కంచెకు అవతల. అడవిలో ఉన్నవాళ్ళకు బియ్యం చేరకూడదని కాపలావాళ్ళు బయటికి పోయే ప్రతి మూటా విప్పి దులిపేవారు. ఇంటింటికీ విడిగా కట్టిన మూటలు గేటు దాటేసరికి ఒకటే గుట్టయ్యేవి. అయినా బెంగ లేదు. ప్రతి బట్ట మూలకీ రంగు దారంతో ముడి వేసేవాళ్ళం, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. ఉతికి ఆరేశాక రంగు చూసి విడదీయడం, ఆ తర్వాత ముడి కత్తిరించడం.

ఆ ముడుల పనిని మా అత్త మొదటిసారి నా చేతిలో పెట్టింది మెర్డేకాకే, అంటే ఆ దేశానికి స్వతంత్రం వచ్చిన పండక్కే. తెల్లారితే మైదానంలో కొత్త జెండా ఎగరేస్తారు. లైనంతా ఉన్నవాటిలో మంచి బట్టలు ఉతకడానికి వేశారు. ఆరినవన్నీ ఇంటికి చేర్చి అత్త వాగు దగ్గర బానలు కడుగుతుంటే, నేను ఇంట్లో ఇస్త్రీకి కూర్చున్నాను. ముడులు ఇస్త్రీపెట్టె కింద అడ్డం పడుతున్నాయి. కత్తెర తీసుకుని వరసగా అన్నీ కత్తిరించేశాను. విడదీయలేదన్న సంగతి ఆఖరి ముడి తెగాక గాని తట్టలేదు.

అత్త వచ్చి నా ఒళ్ళో ఉన్న దారం ముక్కలు చూసింది.

"ఏటే ఇది?"

"ముడులు, అత్తా."

"ముడులని నాకూ తెలుసు. పొద్దున్న లైనోళ్ళంతా గోచీలతో జెండాకి మొక్కాలా? విడదియ్యి. లేకపోతే రేపటినుంచి ఆ దారాల పెట్టి ముట్టుకోకు."

మధ్యాహ్నం ఇంకా వాలలేదు. ముందు మరకలు చూసి ఏరాను. రబ్బరు పాలు పడి నల్లబడిన చుక్కలున్నవి ఒక పక్క. రబ్బరు షీట్లకు పొగపట్టే కొట్టులో పనిచేసేవాళ్ళవి ఉతికినా పొగ వాసన పోదు, అవి ఇంకో పక్క. ఏ మరకా లేనివి మూడో పక్క. గర్వంగా అత్తను పిలిచాను.

"పనుల్ని ఏరినావు గుంటా, ఇళ్ళని కాదు. సెట్లు గీసి పాలు తీసినోళ్ళంతా ఒకే సాపమీద పడుకుంటారేటి?"

మళ్ళీ అన్నీ కలిపేశాను. ఈసారి బట్టలు తిరగేసి, లోపలి కుట్లు చూశాను. చిరిగినది కుట్టేది ఇంటి ఆడదే కదా. ఒకావిడ కుట్టు చీమలబారు, ఒకావిడది గంతులేస్తుంది. ఒకావిడ తెల్లచొక్కాకైనా నల్లదారంతోనే గుండీ కుడుతుంది. అలా చూస్తుంటే తాత పంచె, మనవడి నిక్కరు, కోడలి రవిక వాటంతటవే వచ్చి ఒకచోట చేరాయి.

ఇక్కడ మా మనవరాలు ఆపింది. "ఎన్ని గుంపులో మేం ముందే సెప్పాలి అమ్మమ్మా. అదే మాకు తలనొప్పి."

"పదకొండని నాకు తెలుసు. బట్టలేమో పదే అన్నాయి."

పదో కుప్ప మిగతావాటికి రెండింతలుంది. ప్రతి అతుకు చివరా అడ్డంగా రెండు కుట్లు. ఎంత తిప్పినా అది రెండు కాలేదు. అత్త చూసి నడుంమీద చెయ్యేసుకుంది. ఆ రెండిళ్ళ ఆడవాళ్ళు అక్కాచెల్లెళ్ళు. లైనుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. కుట్టు నేర్పిన తల్లి ఒకతే. ఆ తల్లి రుబ్బురోలు ఎవరిదన్న గొడవలో రెండేళ్ళుగా మాటల్లేవు.

"ఇద్దర్నీ పిలు," అంది అత్త.

వచ్చి కుప్పకు చెరో పక్క కూర్చున్నారు. అక్క ఒక రవిక ఎత్తి, మా అత్తకేసి చూసి చెప్పింది: "ఇది నాది."

చెల్లెలూ అత్తతోనే అంది: "ఆ నడుముకి అది పడతాదేటో అడుగత్తా."

అక్క రవిక కింద పడేసి, ఒక నిక్కరు రెండు చేతులా చాపి పట్టింది. "ఇది మటుకు నీ మొగుడిదేనే. గుడారానికి సరిపోద్ది."

రెండేళ్ళకు చెల్లెలితో నేరుగా అన్న మొదటి మాట అదే. చెల్లెలు నవ్వాపుకోలేక అక్కకేసి తిరిగి "అప్పా, నీ మొగుడు మాత్రం ఏటి, వెదురుబద్దలాగున్నాడు" అంది. ఇక ఏరింది తక్కువ, మాట్లాడింది ఎక్కువ. గేటు మూసే వేళకు చెరో చంక నిండా ఎత్తుకుని పోయారు.

తెల్లారి మైదానంలో తోడల్లుళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఒకాయన చొక్కా మోకాళ్ళదాకా వేలాడుతోంది, రెండో ఆయన గుండీలు ఊపిరి బిగబట్టి ఉన్నాయి. మిగతా తొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఎవరి బట్టల్లో వాళ్ళే ఉన్నారు. జెండా పైకి పోతుంటే అత్త ఆ ఇద్దరినీ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక దారాల పెట్టె నా ముందుకు తోసింది.

"ముడులు నువ్వే ఎయ్యి," అంది. "కత్తెర మటుకు నా దగ్గరుంటాది."