కూర్చున్నవాడి కుడిపాదం

ఒడిలోన్ ఫిడేలు వాయిస్తాడని బయటి ఊళ్లవాళ్లు అంటారు. కెనడాలో, క్విబెక్ కొండల్లోని సొంత ఊళ్లో మాత్రం ఎవరూ అలా అనరు. "ఈ శనివారం పాదాలు ఎవరివి?" అని అడుగుతారు. కుర్చీలో కూర్చుని, గట్టి అట్టల బూట్లు తొడుక్కుని, కింద చెక్కపలక మీద మడమ, మునివేళ్లు, మళ్లీ మునివేళ్లు అని రెండు కాళ్లతోనూ తాళం వేస్తూ వాయించడం అక్కడి పద్ధతి. ఫిడేలు కాస్త అటూ ఇటూ అయినా ఊరుకుంటారు. పాదాలు తప్పితే డాన్సు ఆడేవాళ్లు ఆగిపోతారు. ఎన్నో ఏళ్లుగా ఆ పాదాలు ఒడిలోన్‌వే. పగలు కోత మిల్లులో అతన్ని పట్టించుకునేవాడు లేడు. కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఊరు ఊరంతా అతని కాళ్లు చెప్పినట్టు వినేది.

అలాంటివాడు నవంబరు చివర, వాన పడుతూనే గడ్డకట్టిన ఒక పొద్దున, కట్టెలు తేబోయి సొంత ఇంటి మెట్ల మీదే జారాడు. కుడి చీలమండ ఎముక విరిగింది. పక్కనున్న లిగమెంటు చిరిగింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఎముక పక్కకి జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు. ఈ పట్టీల బూటు తీయకండి. ఆ కాలి మీద నిలబడొద్దు, నడవొద్దు," అంది. భార్య గిస్లేన్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

"మరి పాదాలు ఎప్పుడు వేయొచ్చు?" అన్నాడు ఒడిలోన్.

డాక్టరమ్మ పట్నం మనిషి. నడక గురించి అడుగుతున్నాడనుకుంది. "మెల్లగా వేద్దురుగాని, తొందరేముంది," అంది.

కొత్త సంవత్సరం ముందురోజు గిస్లేన్ తమ్ముడు లియోపోల్ ఇంట్లో విందు. బల్ల మీద పంది కాళ్ల పులుసు పొగలు కక్కుతోంది.

"వెతుక్కో బావా, నీ కాలు ఇందులో పడిందేమో," అన్నాడు లియోపోల్. అందరితో పాటు ఒడిలోన్ కూడా నవ్వాడు. తిన్నాక లియోపోల్ అకార్డియన్ తీశాడు. చేతులకేం రోగమని ఒడిలోన్ ఫిడేలు అందుకున్నాడు. ముందు ఎడమకాలు కదిలింది. కాసేపటికి బూటులో ఉన్న కుడికాలు కూడా పలక మీద పడింది.

"ముసలోడా, ఆ కాలు ఆపు," అంది గిస్లేన్.

"నిలబడ్డానా? నడిచానా? కూర్చునే ఉన్నా కదే."

అది నిజమేననిపించింది అందరికీ, గిస్లేన్‌తో సహా. ఆ ఊళ్లో కూర్చున్నవాడు కాళ్లకు పని చెబుతున్నాడని ఎవరూ అనుకోరు. తెల్లారేసరికి చీలమండ గుమ్మడికాయంత అయింది. అతుక్కుంటున్న లిగమెంటు మళ్లీ చిరిగింది.

"కూర్చుని కాలు ఎలా పాడుచేసుకున్నారండీ?" అని డాక్టరమ్మ అడిగితే భార్యాభర్తలిద్దరూ నేల చూపులు చూశారు. మొదటికొచ్చింది కథ.

ఆ చలికాలం ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. మేపుల్ చెట్లకు గాట్లు పెట్టి పాకం కాచే రోజులొచ్చి వెళ్లిపోయాయి. ఒడిలోన్ కిటికీ దగ్గర కూర్చుని, డాక్టరమ్మ చెప్పిన కసరత్తు ప్రకారం రబ్బరు పట్టీని కాలితో లాగుతూ, బొటనవేలితో గాలిలో అక్షరాలు దిద్దుతూ ఉండిపోయాడు. కాఫీ చల్లారిందని అరిచేవాడు, వేడిగా ఇస్తే నాలుక కాలిందని అరిచేవాడు. నిజానికి అది కోపం కాదు, భయం. పాదాలు పోతే తను మిల్లులో ముసలాడు తప్ప ఇంకేమీ కాడని అతనికి తెలుసు.

మే నెలలో డాక్టరమ్మ కాలు అటూ ఇటూ తిప్పి చూసి పూర్తిగా నయమైందని చెప్పింది. అబద్ధమేమీ కాదు. కుంటకుండా నడిచాడు, మిల్లుకు వెళ్లాడు, కట్టెలు కొట్టాడు. కానీ షెడ్డులో తలుపు వేసుకుని పలక మీద వేస్తే మడమ పడ్డాక మునివేళ్లు ఆలస్యంగా వచ్చేవి. నెమ్మది పాటకు సరిపోయేది. వేగం పెంచితే కాలు వెనకబడిపోయేది. రోజూ వేసి చూశాడు. రోజూ అంతే.

జూన్‌లో లియోపోల్ వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. "బావా, సెయింట్ జాన్ పండగకి హాల్లో డాన్సు పెడుతున్నారు. పాదాలకి పక్క ఊరి నుంచి ఎవర్నైనా పిలుద్దామంటున్నారు. నువ్వేమంటావు?"

ఒడిలోన్ తన కుడికాలి వైపు చూసుకున్నాడు. గిన్నెలు తుడుస్తున్న గిస్లేనే అంది, "ఎవర్నీ పిలవక్కర్లేదు. ఆయన వాయిస్తాడు, పాదాలు నేను వేస్తా."

"నీకెప్పుడొచ్చిందే?" అన్నాడు ఒడిలోన్.

"పెళ్లయినప్పట్నుంచీ సింకు దగ్గర వేస్తూనే ఉన్నా. నువ్వెప్పుడైనా వెనక్కి తిరిగి చూస్తేగా."

పండగ రోజు హాల్లో రెండు కుర్చీలు వేశారు. ఒడిలోన్ కమాను ఎత్తాడు. పక్కన గిస్లేన్ మడమ పలక మీద పడింది. గట్టిగా, సరిగ్గా, అతని కంటే ఒక పిసరు తేలిగ్గా. జంటలు లేచాయి. రెండో పాటకల్లా హాలంతా తిరుగుతోంది. ఎవరూ తేడా పట్టలేదు, ఎవరూ ఇటు చూడను కూడా చూడలేదు.

ఒడిలోన్ కుడికాలిని కుర్చీ కిందకు లాక్కున్నాడు. వేగం పెంచాడు. ఆమె అందుకుంది. ఇంకా పెంచాడు. తన కోసం ఇంత చేస్తున్న మనిషి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తడబడితే బాగుండునని మనసారా కోరుకున్నాడు. అలా కోరుకున్నందుకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, చివరి పాట దాకా చెవి అటే పెట్టి కాచుకున్నాడు.

గిస్లేన్ ఎక్కడా తడబడలేదు.