లేజరు రోజున కాఫీ

నా పిత్తనాళంలో ఇరుక్కున్న రాయి మొదటిసారి ఎండోస్కోపీలో బయటికి రాలేదు. బాగా పెద్దదని, నోటి ద్వారా గొట్టం పంపి లేజరుతో పగలగొట్టాలని డాక్టరు చెప్పారు. ఆలస్యమైతే కామెర్లు ముదురుతాయన్నారు. లేజరు రోజున తెల్లవారినప్పటి నుంచి నేను ఏమీ తాగకూడదు.

ఆ ఉదయం ఆసుపత్రిలో నన్ను వదిలి మా ఆవిడ మందుల షాపుకు వెళ్ళినప్పుడు, భీమిలి నుంచి బావమరిది ఫ్లాస్కులో కాఫీ తెచ్చాడు. గ్లాసులో పోసుకుని, "ఏటి బావా, మీరు తాగొచ్చేటి?" అన్నాడు.

వచ్చినవాడి చేత ఒంటరిగా తాగించడం మా వంశంలో లేదు. జమీ పోయింది, మేడ పోయింది, పెందుర్తిలో అద్దెకుంటున్నాం. ఆ మర్యాద మాత్రం వదల్లేదు.

"నాకూ పొయ్యి," అన్నాను. సగం గ్లాసు తాగాను.

కాసేపటికి నర్సు వచ్చి, ఏమైనా తీసుకున్నారా అని అడిగింది. కాఫీ అన్నాను.

"పాలతోనేటండీ? ఇప్పుడు మత్తిస్తే వాంతై ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోద్ది!"

లేజరు మర్నాటికి వాయిదా పడింది. బావమరిది తల పట్టుకున్నాడు. "మీ జమీందారీ ఆ రాయి కన్నా గట్టిది బావా. దానికి ఏ లేజరూ సాల్దు."

సాయంత్రం చలితో జ్వరం వచ్చింది. కళ్ళు ఇంకా పచ్చబడ్డాయి.

మర్నాడు మా ఆవిడ ఆసుపత్రి గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, చూడవచ్చిన వాళ్ళందరినీ వెనక్కి పంపేసింది. మా గుమ్మం నుంచి మనిషిని తిప్పి పంపడం అదే మొదటిసారి. నేను అడ్డు చెప్పలేదు. మధ్యాహ్నానికి రాయి పగిలింది, ముక్కలన్నీ తీసేశారు.