రెండో కొసని వేడి చేస్తే

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కినాను. పక్క సీట్లో గొర్రెల మందుల సంచితో ఒకాయన కూర్చున్నాడు. నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫు చూసి, "ఏందమ్మా ఆ గీత?" అన్నాడు.

నా పరిశోధన గురించి, దాని మీద రాస్తా ఉండే పేపరు గురించి చెప్పినాను. ఒక్క పరమాణువు మందం ఉండే పొరలో ఒక కొసని వేడి చేస్తే ఎలక్ట్రాన్లు చల్లటి కొసకి పోతాయి. వాటికి స్పిన్ అని, పైకో కిందికో ఉండే ఒక గుణం ఉండాది. పై స్పిన్‌వి, కింది స్పిన్‌వి సమంగా పోవు. ఆ తేడాకి పుట్టిన వోల్టేజే ఆ గీత.

"ఇట్నుంచి వేడి చేస్తే గీత పైకి పోయింది. అట్నుంచి చేస్తే కిందికి పోవాల గదా?"

"అవునన్నా, పోవాల."

"పోయిందా?"

"చూళ్ళేదు. ఉండేది ఒకటే పొర. మళ్ళీ వేడి చేస్తే చిరిగిపోతాదేమోనని భయం."

"చూడకుండానే రాసేస్తావా?"

ఎగతాళి కాదు, తెలుసుకుందామనే అడిగినాడు. కాసేపటికి ఆయన దిగిపోయినాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు.

తిరిగి ల్యాబుకి పోగానే రెండో కొసని వేడి చేసినాను. పొర చిరగలేదు, గీత కిందికీ పోలేదు, మళ్ళీ పైకే పోయింది. అంటే ఆ వోల్టేజి స్పిన్ వల్ల వచ్చింది కాదు, పొరని వేడి చేసే హీటరు నించి కరెంటు లీకై వచ్చింది.

సోమవారం పత్రికకి పంపాల్సిన పేపరు ఆపేసినాను. మా గైడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత పిలిచి, లీకు లేకుండా కొత్త పొర చెయ్యమన్నాడు.