వరసలో మొదటి చెంబు

2003లో అనంతపురం ఊరి బయట, బత్తలపల్లె రోడ్డు పక్కన నాకు ఎనిమిది రూములుండేవి. ముసలివాళ్లకే బాడుగకిచ్చి, సంగటి, చారు నేనే వండిపెట్టేదాన్ని. వానల్లేని ఏండ్లవి. పెద్దాసుపత్రికి దగ్గరుండాలని పల్లెల నుంచి ముసలివాళ్లు వస్తానే ఉండేవాళ్లు. అడిగేవాళ్లు ఎక్కువ, రూములు ఎనిమిదే. రూము ఖాళీ కావడాన్ని వేకెన్సీ అంటారు. మా దగ్గర వేకెన్సీ ఎట్లా వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

నేను చదివింది మూడో తరగతి. వెయిటింగ్ లిస్టు, అంటే ఎవరి తర్వాత ఎవరనే పట్టీ, రాసుకునే ఓపిక లేదు. ట్యాంకరు నీళ్లకు బిందెలు పెట్టినట్టే, రూము కావాలన్నవాళ్లను ఒక చెంబు పెట్టి పొమ్మన్నాను. కాగితం ఖర్చు కూడా లేదు. పంచలో ఒకటో రూము వాకిలి దగ్గర మొదలుపెట్టి పదకొండు చెంబులు బారు తీరినాయి.

మొదటిది సొట్టబోయిన రాగి చెంబు, కంబదూరు నాగమ్మది. చెంబు పెట్టిన రోజు ఆమె ఒక్కో రూములోకీ తొంగిచూసింది. ఒకటో రూము సుంకమ్మకు మండింది.

"ఏమ్మే, సంతలో గొడ్డును చూసినట్టు చూస్తాండావే?"

"నేను చూసేది రూమునులే అక్కా, నిన్ను కాదు," అని నవ్వింది నాగమ్మ.

కొన్ని నెలలకు, ఒక పొద్దున్నే పంచ ఊడుస్తా చూస్తే రాగి చెంబు వరసలో లేదు. ఐదో రూము వాకిట్లో ఉండాది. తెచ్చి దాని చోట పెట్టినాను. మరుసటి పొద్దుకు ఏడో రూము ముందర. ఈసారి ముట్టకుండా చూస్తామని వదిలేసినాను. రోజుకో వాకిలి తిరిగింది. గాలికి దొర్లే బరువు కాదు. అడిగితే ఒక్కరూ నా మొహం చూడలేదు.

మూడో రూము ముందర అది నిలిచిపోయింది. నాలుగు రోజులు కదల్లేదు. ఆ రూములో చౌడప్ప ఉండేవాడు, ధర్మవరం మగ్గాల మనిషి. నలభై ఏండ్లు మగ్గం గుంటలో కూర్చున్న నడుము, కట్టె మాదిరి బిగుసుకుపోయింది. ఆయన సంగటి ముట్టడం మానేసినాడు.

"తినప్పా, మాత్రలు వేసుకోవల్ల."

"ఎందుకక్కా? ఆయమ్మ వచ్చి వాకిట్లో నిలబడె. నేను లేస్తే గదా ఆమె కూర్చునేది?"

రెండు రోజులకు పెదాలు ఎండిపోయినాయి. ఇట్లే ఉంటే మనిషి దక్కడని, బస్సు చార్జీ దండగైనా కంబదూరు పోయినాను, నీ చెంబు తీసుకుపో తల్లీ అని చెప్పొస్తామని. నాగమ్మ చెల్లెలు వాకిట్లోకి వచ్చింది.

"మా అక్క పోయి నాలుగు నెలలాయ గదమ్మా. నా చెంబు ఆడ ముందరుండాది అని కడదాకా అంటానే ఉండె."

తిరుగు బస్సులో వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. చెంబు కదలబట్టి నెల కూడా కాలేదు.

రాంగానే అందరినీ పంచలోకి పిలిచినాను. "చచ్చినామె చెంబును జరిపేది ఎవరు?"

సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొదటి చెంబు నా వాకిలి దగ్గరుంటే నన్నే పొమ్మన్నట్టుండె అక్కా. నేను ఒక్కసారే జరిపినా." ఐదో రూమాయన కూడా ఒక్కసారే అన్నాడు. ఏడుమందీ ఒక్కొక్కసారే జరిపినారంట, ఇంకొకరి వాకిట్లోకి. చౌడప్ప మాత్రం జరపలేదు. వంగలేడు.

ఆయన మంచం దగ్గర కూర్చుని చెప్పినాను. "నాగమ్మ లేదప్పా. ఆమెకింక రూము అక్కరలేదు."

ఆయన పంచ దిక్కు చూసినాడు. "అయితే రెండో చెంబు ఎవరిది?"

నేను లేచి మిగతా పది చెంబులూ ఆయన చూస్తాండగానే నా వంటింట్లోకి చేరేసినాను. పంచ బోసిపోయినాక చౌడప్ప ఒక ముద్ద అడిగినాడు. ఆ తర్వాత మూడేండ్లు బతికినాడు.

నాగమ్మ చెంబును మాత్రం వాళ్లకు పంపిస్తామని పంచ గోడ మీద పెట్టినాను. తెల్లారి తలుపు తీస్తే అది నా గడప ముందర ఉండాది.

ఎవరు పెట్టినారో అడగలేదు. అప్పుడు నాకు అరవై ఆరేండ్లు. ఇంకా ఏమీ ఆలోచించకముందే నా కాలు ఆ చెంబును సుంకమ్మ వాకిలి దిక్కుకు నెట్టింది. ఆ సప్పుడు విన్నాక గాని నేను చేసిందేమో నాకు తెలియలేదు. నీళ్ల వరసలో ఉన్నవాళ్లు ట్యాంకరు కోసం చూస్తారు. నా చెంబుల వరస, మనిషి పోయేదాని కోసం చూస్తాంది. దాన్ని నేను ఆ మనుషుల వాకిట్లోనే పెట్టినాను.

వంగి చెంబు తీసుకుని లోపల పెట్టుకున్నాను. ఆ రోజే నోటుబుక్కు కొని, అక్షరం అక్షరం కూడబలుక్కుని పదిమంది పేర్లు రాసినాను. ఆ పుస్తకం నా పెట్టె అడుగునే ఉంటుంది, ఎవరికీ చూపను. రూము అడగవచ్చినవాళ్లను గేటు దగ్గరే మాట్లాడి పంపిస్తాను. నాగమ్మ చెల్లెలు చెంబు వద్దనింది. ఈ పొద్దుకూ నేను నీళ్లు తాగేది దాంట్లోనే.