టీచరమ్మమ్మ చేత పాలసీ కట్టించిన వైనం

ఆ రోజుల్లో మా కోనసీమలో బీమా అంటే రెండే రకాలు. ఒకటి మనిషి పోయాక ఇంట్లోవాళ్ళకి వచ్చేది, రెండోది లారీ బోల్తా పడ్డాక ఓనరుకి వచ్చేది. మనిషి బతికుండగానే, లారీ ఊసే లేకుండా, ఒట్టి జబ్బు చేసినందుకు కూడా కంపెనీ డబ్బిస్తుందంటే నమ్మే నాథుడు లేడు. ఎనభైల నడిమికాలంలో ఆ కొత్త పాలసీ చేతపట్టుకుని అమలాపురం వీధుల్లో తిరిగినవాళ్ళలో నేనొకణ్ణి. కొత్త ఉద్యోగం, అప్పు మీద కొన్న మోపెడ్, చెమటకి మెడ చుట్టూ కరుచుకుపోయే టై (ఆ టై చూసి మా వీధిలో నన్ను మందుల కంపెనీ వాడనుకుని దగ్గు మాత్రలు అడిగేవారు). "ముందు మీ బంధువులతో మొదలెట్టండి. మనవాళ్ళే మనల్ని నమ్మకపోతే పైవాళ్ళు నమ్ముతారేంటండీ?" అని మా మేనేజరుగారు బోధించారు. మా బంధువుల్లో పింఛను వస్తున్నవాళ్ళెవరు, నన్ను గుమ్మంలోంచే పంపెయ్యనివాళ్ళెవరు అని ఆలోచిస్తే ఒక్కరే తేలారు. టీచరమ్మమ్మ.

టీచరమ్మమ్మ మా అమ్మకి పిన్ని. పెళ్ళి చేసుకోలేదు. రాజోలులో మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఆ ఊళ్ళోనే చిన్న పెంకుటింట్లో ఒక్కతీ ఉండేది. ఆవిడ నిజాయితీ మా చుట్టాలందరికీ ఒక భయం. మార్కులు కూడడంలో పొరపాటున ఒక మార్కు ఎక్కువ పడితే, పిల్లాడి ఇంటికి నడిచి వెళ్ళి దాన్ని వెనక్కి తెచ్చుకునేదట. తక్కువ పడినా అంతే దూరం నడిచి ఇచ్చి వచ్చేదట. ఇలాంటి మనిషి చేత బీమా దరఖాస్తు నింపించబోతున్నానన్న సంగతి బోడసకుర్రు రేవులో ఏరు దాటడానికి మోపెడ్‌ని పంటు ఎక్కించేటప్పుడైనా నాకు తట్టలేదు.

కాఫీ ఇచ్చింది. పాలసీ గురించి చెప్పినదంతా విన్నది. సంతకం పెడతానంది. నేను హుషారుగా దరఖాస్తు తీసి, "ఇదివరకు ఏమైనా జబ్బులు చేశాయా" అన్న గడిలో "లేవు" అని రాయబోతున్నాను. కలం పట్టుకున్న నా చెయ్యి మీద ఆవిడ చెయ్యి పడింది.

"లేవని ఎవరు చెప్పేరురా నీకు?"

"అంటే, చిన్నా చితకా రాయక్కర్లేదమ్మమ్మా."

"చిన్నదో చితకదో చూసుకునేది కంపెనీవారు. రాసేది మనం. ఊఁ, రాయి."

రాశాను. తట్టు, ఆటలమ్మ, ట్రైనింగులో ఉండగా వచ్చిన మలేరియా, వానాకాలం దగ్గు, మోకాళ్ళ నొప్పులు, కళ్ళు మసకలు, పంటినొప్పి, ఒకసారి చెవిలో చీమ దూరడం. "చీమ జబ్బు కాదు కదమ్మమ్మా" అంటే, "దూరింది నిజమే కదా" అంది. గడి చాలక తెల్లకాగితం జతచేశాను. అదీ చాలలేదు. చివర్లో ఆవిడ ఎర్ర పెన్సిలు తీసి నా రాతలో తప్పులు దిద్దింది కూడాను.

పాలసీ వచ్చింది. దానికి మా ఆఫీసువాళ్ళు టైపు చేసి అతికించిన కాగితం ఒకటి ఉంది. ఫలానా ఫలానా వాటికి ఈ బీమా వర్తించదు అని. ఆవిడ చెప్పినవన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, ఆ కాగితంలో కూర్చుని ఉన్నాయి. దాన్ని పట్టుకుని నేను మళ్ళీ రాజోలు వెళ్ళాల్సి వచ్చింది.

"నాకు ఇంగ్లీషు వచ్చుగానీ అబ్బాయ్, ఈ ఇంగ్లీషు రాదు. చదివి చెప్పు."

చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు తగ్గుతూ వచ్చింది.

"మోకాళ్ళు పోయాయి, కళ్ళు పోయాయి, పళ్ళు పోయాయి, చెవులు పోయాయి, ఊపిరితిత్తులు పోయాయి. మరి మీ కంపెనీ నాలో దేన్ని కాపాడుతుందిరా?"

"లివరుందమ్మమ్మా. పిత్తాశయం ఉంది. అపెండిక్సుంది" అన్నాను.

"అవి నాలో ఉన్నాయని ఇన్నాళ్ళూ నాకే తెలీదు. సరే, ఉండనీ" అని కాగితాన్ని మడతపెట్టి బైబిల్లో దాచింది. ఎవరికైనా నవ్వొస్తుందేమోగానీ, తిరిగొచ్చేటప్పుడు నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఉద్యోగంలో చేరి నేను చేసిన మొదటి ఘనకార్యం, కట్టిన డబ్బుకి ఫలితం లేకుండా సొంత అమ్మమ్మని ముంచడం.

ఆ మరుసటి వేసవిలో ఆవిడకి కడుపునొప్పి వచ్చింది. కుడివైపు కింద, పట్టుకుంటే ఓర్చుకోలేనంత. చుట్టుపక్కలవాళ్ళు చూసి, "ఇది ఇరవైనాలుగు గంటల నొప్పిలాగుందండీ" అన్నారు. మా వైపు అపెండిసైటిస్‌కి ఆ పేరే వాడుక. అయితే మా టీచరమ్మమ్మ ఏ మాటనైనా అక్షరాలా తీసుకునే మనిషి. "ఇరవైనాలుగు గంటలేనా? అయితే రేపీపాటికి తగ్గుతుందిలెండి" అని పళ్ళు బిగించి పడుకుంది! కబురు తెలిసి నేను వెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది. వాకిట్లో టాక్సీ ఆగితే, "ఇంకా టైమవలేదు కదరా" అంటుంది. గన్నవరం అక్విడెక్టు వంతెన మీదుగా అమలాపురం వచ్చినంతసేపూ నా చెయ్యి వదల్లేదు. ప్రతి కుదుపుకీ ఆ పట్టు బిగిసేది. డాక్టరుగారు చూసి, "ఎవరండీ ఇంతసేపు ఇంట్లో ఉంచింది?" అని కేకలేసి ఆపరేషనుకి తీసుకెళ్ళిపోయారు.

బయట బల్ల మీద కూర్చున్న ఆ కాసేపట్లో నాకు పాలసీ గుర్తు రాలేదు, ఉద్యోగం గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించడం ఒక్కటే గుర్తొస్తోంది. డాక్టరుగారు బయటికొచ్చి, "ఆయ్, గండం గడిచిందండీ. కాస్త ఆలస్యమైతే పగిలిపోయేదే" అన్నాక, ఆయన చేతులు పట్టుకుని ఏమన్నానో నాకే తెలీదు. తెలివొచ్చాక ఆవిడ అడిగిన మొదటి మాట మాత్రం బాగా తెలుసు.

"ఏం తీసేరురా?"

"అపెండిక్సమ్మమ్మా."

"అది మనకి ఉన్న వాటిల్లోదా, పోయిన వాటిల్లోదా?"

"ఉన్న వాటిల్లోదే!" అన్నాను. గది దద్దరిల్లిందనుకుంటాను, నర్సు వచ్చి తిట్టింది.

ఇంటికి పంపే రోజున బిల్లు వచ్చింది. ముందు మనం కట్టేసి తరవాత కంపెనీ దగ్గర తీసుకోవాలి. ఆవిడ డబ్బు మూట విప్పుతూ, "ఇది నా సమాధికని దాచుకున్నది. మీ వాళ్ళు తిరిగి ఇవ్వకపోతే నన్నెక్కడ పెడతారో మీరే చూసుకోవాలి మరి" అంది. నవ్వుతూనే అందిగానీ నాకు గుండెల్లో రాయి పడింది. ఆ తరవాత దిండు కిందనుంచి ఎర్ర పెన్సిలు తీసింది (ఆపరేషనుకి వస్తూ ఎర్ర పెన్సిలు తెచ్చుకున్న రోగి ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలీదు). బిల్లుని పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దడం మొదలుపెట్టింది. "ఎక్స్‌రే నాకు తియ్యలేదు" అని ఒక గీత కొట్టింది. కాంపౌండరు నసిగి, "పొరపాటండీ, పక్క గదిలోవారిదండీ" అన్నాడు. "పరవాలేదు బాబూ. ఇదిగో, నిన్న సాయంత్రం కట్టు మార్చేరు, అది రాయలేదు. వెయ్యి" అంది. కాంపౌండరు నా వైపు చూసి, "బిల్లు పెంచమన్నవారిని ఇప్పుడే చూస్తున్నానండీ" అన్నాడు మెల్లగా.

ఆ ఎర్రగీతలతోనే బిల్లు మా ఆఫీసుకి చేరింది. కొట్టివేతలున్నాయని వెనక్కొచ్చింది. శుభ్రంగా రాయించి పంపితే, ఈ వయసులో అపెండిక్సేమిటి, నొప్పి పాతదేమో విచారించాలన్నారు. నేను బంధువుని కాబట్టి కాకినాడ నుంచి వేరే ఆఫీసరుగారు వస్తున్నారు. ఆయన కంటే ముందు నేను రాజోలు చేరి, "అడిగిన దానికే జవాబు చెప్పు అమ్మమ్మా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను. "నాకు తెలీదట్రా?" అంది. ఆ మాట వింటే నాకు ధైర్యం రాలేదు.

ఆఫీసరుగారు కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, "ఈ నొప్పి ఇదివరకెప్పుడైనా వచ్చిందాండీ?" అన్నారు.

"లేదండీ" అంది. నేను ఊపిరి వదిలాను. "కానీ..." అంది. వదిలిన ఊపిరి మళ్ళీ పీల్చుకున్నాను. "చాలా ఏళ్ళ క్రితం మా చర్చిలో కోతల పండగనాడు పనసతొనలు తిన్నానండీ. ఆ రాత్రి కడుపులో నొప్పి వచ్చింది. అది ఇదేనో కాదో నేను చెప్పలేను. దరఖాస్తులో రాయించడం మరిచిపోయేను, తప్పు నాదే."

ఆఫీసరుగారు కలం ఆపారు. కళ్ళు మూసుకున్న నాకు పనసపండూ, సమాధీ పక్కపక్కనే కనిపిస్తున్నాయి.

"ఎన్ని తొనలు తిన్నారండీ?"

"లెక్కపెట్టలేదండీ. కాయ చిన్నదే."

ఆయన కాసేపు ఆవిడవైపు, కాసేపు కాగితంవైపు చూసి, "కాయంతా తిన్నాక వచ్చేదాన్ని జబ్బనరు లెండి. నొప్పి కొత్తదేనని రాసుకుంటున్నాను" అని లేచారు. వెళ్తూ గుమ్మం దగ్గర నా భుజం తట్టి, "ఇలాంటివారు ఇంకో పదిమంది దొరికితే మా ఉద్యోగాలు ఉండవండీ" అన్నారు. చెక్కు వచ్చింది. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. "సరే, ఇక నిశ్చింతగా పోవచ్చు" అని ఆవిడ నవ్వితే, ఇద్దరం చాలాసేపు నవ్వాం.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెన్యువల్‌కి వెళ్తే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "అపెండిక్సు తీసేసేరు కదా. లేనిదానికి జబ్బు చెయ్యదు కదా. మరి దాని వాటా ప్రీమియం తగ్గించాలా, వద్దా?" అంది. నేను కాగితం తెచ్చి, బొమ్మలు గీసి, అందరూ కలిసి కట్టేదేమిటో, అవసరమైనవాళ్ళకి అందేదేమిటో మధ్యాహ్నమంతా చెప్పాను. ఆవిడ చెంపకి చెయ్యి ఆనించుకుని విన్నది. సందేహాలు అడిగింది. మళ్ళీ చెప్పాను. చివరికి "ఆయ్, ఇప్పుడు అర్థమైంది" అని సంతకం పెట్టింది.

తిరుగు ప్రయాణంలో పంటు మీద నిలబడి, ఆవిడకి చెప్పిన జవాబులన్నీ నాకు నేనే పైకి చెప్పుకుంటూ చేతులు ఊపుతుంటే, పక్కనున్న కొబ్బరికాయల వర్తకుడు నన్ను అనుమానంగా చూసి కాస్త దూరం జరిగాడు. ఆ తరవాత ఎంతోమందికి ఎన్నో పాలసీలు అమ్మాను, పెద్ద పెద్ద సభల్లో మాట్లాడాను. ఒక్క మనిషికి ఒక్క సంగతి అర్థమయ్యేలా చెప్పానన్న సంబరంతో ఏటి గాలికి టై ఎగురుతుంటే నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.