చెయ్యి బాపట్లకు పోయిన రోజు

మొన్న కాలికి మేకు గుచ్చుకుంటే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్ళాను. నర్సమ్మాయి మందున్న గాజు గొట్టం మెడను టిక్కున విరిచింది. ఆ చిన్న చప్పుడుకే నా ఒళ్ళంతా పాత అలసట పాకింది. తెనాలి స్టేషనులో రేపల్లె బండి కోసం మళ్ళీ నిలబడినట్టయింది. సువార్తమ్మగారు గుర్తొచ్చారు.

నేను బడి మొహం ఎరగను. కొలకలూరులో మా నాన్న బైబిలు ముందు పెట్టి ఇంట్లోనే చదువు చెప్పారు. ఆయన పోయాక నాకూ అమ్మకూ దారి చూపింది మా చర్చికి వచ్చే సువార్తమ్మగారే. ఆమె నర్సే కానీ ఏ ఆసుపత్రిలోనూ పర్మినెంటు కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏ సిస్టరైనా పురిటికో పెళ్ళికో సెలవు పెడితే, ఆమె ఇంటి ఎదుటి మందుల షాపుకు ఫోను వచ్చేది. వెళ్ళిన రోజుకే జీతం. రానన్నవాళ్ళను మళ్ళీ పిలవరు. అందుకని జ్వరంతో కూడా బండెక్కేవారు. నన్ను వెంట తిప్పుకుంటూ పని నేర్పారు.

ఆమెకొక అలవాటు ఉండేది. వార్డులో అడుగు పెట్టగానే మందుల బీరువా తెరిచి ఏ అరలో ఏముందో పైకి చదివేవారు. గొట్టం విరిచే ముందు కూడా దాని పేరు పైకి చదవాల్సిందే. రేపల్లె ఆయా ఒకటే నవ్వు.

"ఏంటి సిస్టరుగారూ, ఇల్లు అద్దెకు చూస్తున్నారా?"

"నవ్వు తల్లీ, నవ్వు. మూడూళ్ళ బీరువాలూ ఒకేలా ఉంటాయా? మనిషి ఇక్కడికొచ్చినా చెయ్యి నిన్నటి ఊళ్ళోనే ఉంటది," అనేవారు.

ఒక ఎండాకాలం బాపట్లలో వరసగా పనిచేసి, ఇంటికైనా పోకుండా రేపల్లెలో దిగాం. కాళ్ళు కడుక్కునేలోపే లోపలినుంచి కేక. కాన్పయిన తల్లికి రక్తం ఆగడం లేదు. బీరువా చదివే వ్యవధి లేదు. సువార్తమ్మగారు పై అరలోంచి గొట్టం తీసి, పేరు పైకి చదవబోయి మధ్యలో ఆగిపోయారు. బాపట్లలో రక్తం ఆపే మందు ఉండేది పై అరలో. ఇక్కడ పై అరలో ఉన్నది వేరే మందు.

"రూతూ, కింద అర!" అన్నారు. అందించాను. పేరు పూర్తిగా చదివాకే ఇచ్చారు. ప్రభువు దయవల్ల ఆ తల్లి తేరుకుంది.

ఆ సాయంత్రం ఆమె తనంతట తానే వెళ్ళి డాక్టరుగారికి జరిగింది చెప్పారు.

"ఇవ్వలేదు కదండీ. ఎందుకంత బాధ?" అన్నారాయన.

"ఇవ్వలేదండి. కానీ చెయ్యి బాపట్లకు పోయిందండి. ఇవాళ నోరు ఆపింది. రేపు నోరు కూడా అలిసిపోతే? ఇకమీదట నాకు బదులు ఈ అమ్మాయికి కబురు పెట్టండి. పని నేర్చుకుంది."

మిగతా రెండు ఊళ్ళలోనూ ఇదే చెప్తానని బండిలో అన్నారు. నాకు ఏడుపొచ్చింది. "మరి మీరెట్లా అక్కా?"

"ఎల్లకాలం తిరగమని దేవుడు నాకు రైలు పాసేమన్నా ఇచ్చాడా? జంపనిలో చెల్లెలుందిలే. కాసేపు పడుకోనీ." భట్టిప్రోలు రాకముందే నా భుజం మీద నిద్రపోయారు. అంత బరువైన నిద్ర నేను మరెవరిలోనూ చూడలేదు.

ఆ తర్వాత ఫోన్లు నాకే వచ్చాయి. అమ్మ మందులూ, మా పొయ్యిలో నిప్పూ వాటి మీదే నడిచాయి. తన నోటి దగ్గరి ముద్ద నా చేతిలో పెట్టి వెళ్ళిన మనిషిని తలుచుకోకుండా నేటికీ నా ప్రార్థన ముగియదు.

మొన్నటి నర్సమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇక్కడేనా అమ్మా నీ డ్యూటీ?" అని అడిగాను.

"కాదు ఆంటీ. వీళ్ళ సిస్టరు సెలవులో ఉంది, ఇవాళ్టికి పిలిచారు. ఇంకో ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇటే వచ్చా."

"ఆ గొట్టం మీద పేరు ఒక్కసారి పైకి చదువు తల్లీ."

విసుక్కుంటుందేమో అనుకున్నాను. నావైపు ఒక్క క్షణం చూసి, గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని అక్షరమక్షరం చదివింది. అప్పుడు జబ్బ అందించాను.