బీచుపల్లి ఘాట్‌లో అవ్వ చీర

ఈ రోజు గాంధీ జయంతి సెలవు. భక్తులు స్నానం చేసి కృష్ణలో వదిలేసే పాతబట్టలు ఏరేద్దామని గద్వాల నుంచి మా ఆఫీసు వాళ్లం బీచుపల్లి వెళ్లాం. నేనూ, నా పక్క సీటు రిజ్వానా పోటీపడి సంచులు నింపుతున్నాం. ఇంతలో తడిబట్టలతో ఒక అవ్వ వణుకుతూ నీళ్లలోంచి పైకొచ్చింది.

"మెట్ల మీద పెట్టిన నా చీరె ఏది బిడ్డా? కట్టుకుందామని గదొక్కటే తెచ్చుకున్న."

దాన్నీ వదిలేసిన బట్టే అనుకుని సంచిలో వేసేశాం! సంచులన్నీ బోర్లించాం. చివరికి దొరికింది, ఆకుపచ్చ నేత చీర, నిండా బురదతో. రిజ్వానా తన చున్నీ అవ్వకు కప్పి, నీళ్లలోకి దిగి చీర ఉతికింది. చెరో అంచు పట్టుకుని ఎండలో నిలబడ్డాం. ఆ లోపు మిగతావాళ్లు చెత్తంతా మళ్లీ సంచులకెత్తారు.

అవ్వ తిట్టలేదు. ఆరిన చీర కట్టుకుని, మా చేతుల్లో కొబ్బరి ముక్కలు పెట్టి అడిగింది.

"మళ్ల మీకు సెలవెప్పుడు బిడ్డా?"

"దీపావళికి అవ్వా. ఎందుకు?"

"ఆ దినం నేను రాను."

అని మా ఇద్దరి బుగ్గలూ పుణికి వెళ్లిపోయింది. ఇప్పటికీ నవ్వు ఆగట్లేదు. సేవ చేయబోయి మీరూ ఎవరినైనా ఇలా పరేషాన్ చేశారా? చెప్పండి, మాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.